వాన పడ్డ పది రోజులకు కొండెక్కండి

ఎడారిలో పుట్టగొడుగులేమిటని నవ్వొచ్చిందా? అరిజోనాలో ఏళ్ళ తరబడి ఉంటున్న మనవాళ్ళు కూడా ముందు అలాగే నవ్వుతారు. టెంపీలో చదువుకుంటున్న పిల్లలైనా, చాండ్లర్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న కుటుంబాలైనా జులై వచ్చిందంటే ఏసీ ఇంట్లోంచి ఏసీ కారులోకి, కారులోంచి ఏసీ మాల్‌లోకి. బయట 110 డిగ్రీల ఫారెన్‌హీట్. శనివారం ఇండియన్ స్టోరు, ఆదివారం ఎవరో ఒకరింట్లో పిల్లాడి పుట్టినరోజు. ‘ఈ ఎండల్లో ఎక్కడికి పోతాం లెండి’ అనుకుంటూ మూడు నెలలు గడిపేస్తాం.

ఆ మూడు నెలల్లోనే అదే రాష్ట్రంలో, కొండల మీద, పొద్దున పూట స్వెట్టర్ కావాల్సినంత చల్లగా ఉంటుంది. పైన్ చెట్ల కింద రాలిన ఆకు సూదులను పైకి నెట్టుకుంటూ అరచేతంత పుట్టగొడుగులు బయటికొస్తుంటాయి.

‘మేమూ వెళ్ళామండీ, ఒక్కటీ కనబడలేదు’ అంటారా? ఈ అధ్యాయం మీకోసమే. ‘మాకు బోలెడు కనబడ్డాయి, కూర వండేద్దామనుకుంటున్నాం’ అంటారా? అయితే పొయ్యి వెలిగించకండి. 8వ సూచన చదివి, ఆ తర్వాత మళ్ళీ మొదటికి రండి.

ఎవరైనా సరే, నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది: మొదటి సీజనంతా బుట్ట ఇంట్లోనే వదిలి వెళ్ళండి. ఏం దొరుకుతుందా అని వెళ్ళినవాళ్ళు ఒకటి రెండు సార్లకే విసుగెత్తి మానేస్తారు. ఎక్కడ, ఎప్పుడు, ఏ చెట్టు కింద వస్తాయో చూద్దామని వెళ్ళినవాళ్ళకు ఖాళీ చేతులతో దిగిన రోజు కూడా ఏదో ఒకటి తెలుస్తుంది.

ముందు కొండ సంగతి

మనం టూసాన్‌నే తీసుకుందాం. ఊరు సముద్రమట్టానికి సుమారు 2,400 అడుగుల ఎత్తున ఉంటుంది. ఊరికి ఉత్తరాన శాంటా కాటలీనా కొండలు. వాటిలో ఎత్తయిన మౌంట్ లెమ్మన్ 9,100 అడుగులు దాటుతుంది. పెళ్ళైన కొత్తలో భర్తతో కలిసి 1881లో ఈ కొండెక్కిన వృక్షశాస్త్రవేత్త సారా ప్లమ్మర్ లెమ్మన్ పేరే దానికి పెట్టారు. హనీమూన్‌కి వచ్చి మొక్కలు ఏరుకుంటూ కొండెక్కిన జంటన్నమాట! ఊరి అంచు నుంచి పైనున్న సమ్మర్‌హేవెన్ అనే చిన్న పల్లె దాకా కాటలీనా హైవే వెళ్తుంది. 1933లో మొదలుపెట్టి, ఖైదీల చేత కొండ తొలిపించి వేసిన రోడ్డు అది. గంట ప్రయాణం. ఆ గంటలో కిటికీలోంచి చూడండి: ముందు సవారో కాక్టస్‌లు, తర్వాత గడ్డి, ఓక్ చెట్లు, ఆ పైన పాండరోసా పైన్ అడవి, శిఖరం దగ్గర ఫర్, ఆస్పెన్.

ఎడారి మధ్యలో ఇలా విడివిడిగా నిలబడ్డ కొండలను అక్కడ ‘స్కై ఐలాండ్స్’ అంటారు. దక్షిణ అరిజోనాలో చిరికావా, వాచూకా, శాంటా రీటా కొండలూ ఇలాంటివే. ఫీనిక్స్ వైపు ఉన్నవాళ్ళకి పేసన్ దాటాక వచ్చే మోగియోన్ రిమ్ దగ్గర, ఇంకాస్త ఓపికుంటే ఫ్లాగ్‌స్టాఫ్. ఎటు వెళ్ళినా పద్ధతి ఇదే.

1. వాన లెక్క రాసుకోండి

అమెరికా వాతావరణ శాఖ లెక్కలో ఇక్కడి మాన్‌సూన్ జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా. నిజంగా వానలు పడడం మాత్రం ఎక్కువగా జులై మొదటి వారాల్లో మొదలవుతుంది. మన నైరుతి రుతుపవనాల్లా రోజంతా ముసురు పట్టదు. మధ్యాహ్నం మబ్బు లేస్తుంది, గంటసేపు దంచి కొడుతుంది, సాయంత్రానికి ఆకాశం తేటపడుతుంది. పైగా ఈ వాలు మీద కురిసిన వాన పక్క వాలు మీద కురవకపోవచ్చు.

అందుకే ఫోనులో టూసాన్ వాతావరణం చూసి కారెక్కితే పప్పులో కాలేసినట్టే. ఊళ్ళో చుక్క పడని రోజున కొండ మీద కుండపోత కావచ్చు, ఊరు మునిగిన రోజున కొండ పొడిగా ఉండొచ్చు. మరేం చూడాలి? పీమా కౌంటీ వరద నియంత్రణ విభాగం ఊళ్ళోనే కాదు, కాటలీనా కొండల మీద కూడా వర్షమాపకాలు పెట్టింది. ఏ మాపకంలో ఎన్ని అంగుళాలు పడిందో ఇంటర్నెట్‌లో ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. ఒక చిన్న నోట్‌బుక్కులో తేదీ, చోటు, అంగుళాలు రాసుకోండి. చాదస్తంలా అనిపిస్తుందా? మూడు వారాలు రాసి చూడండి, మీరు ఏ మలుపు దగ్గర కారు ఆపాలో ఆ కాగితమే చెబుతుంది.

ఎక్కువమంది చేసే పొరపాటు, పెద్ద వాన పడిన మర్నాడే పరుగెత్తడం. నేల కింద అల్లుకున్న శిలీంధ్రపు దారాలకు ఒక్క వాన చాలదు. వారం రోజులు విడతలు విడతలుగా పడి నేల లోపలికంటా తడవాలి. ఆ తర్వాత ఇంకో వారం, పది రోజులు ఆగాలి. అందుకే జులై చివరి నుంచి సెప్టెంబరు మొదటి వారాల దాకా ఉన్న కాలమే అసలు సీజను. ‘మొన్నేగా వాన పడింది, ఏమీ రాలేదేం’ అని నిట్టూర్చి దిగిపోయినవాళ్ళు మళ్ళీ వారం వెళ్ళి ఉంటే బాగుండేది.

2. ఆరున్నర వేల అడుగుల కింద కారు ఆపకండి

కాటలీనా హైవే మీద విండీ పాయింట్ దగ్గర అందరూ ఫొటోలకు ఆగుతారు. మీరూ ఆగండి, చూడాల్సిన చోటే. పుట్టగొడుగుల కోసం మాత్రం కాదు. రోజ్ కాన్యన్ దాటి పైకి వెళ్ళాక, బేర్ వాలో, మార్షల్ గల్చ్ లాంటి నీడ వాగుల దగ్గర మొదలుపెట్టండి. కొత్తవాళ్ళకు నేను చెప్పేది మార్షల్ గల్చ్ బాట. వాగు వెంబడే నడక, మరీ నిటారు కాదు, ఎండ తగలదు.

దీనికి ఒక మినహాయింపుంది. కింద ఎడారి నేల మీద, రోడ్డు అంచుల్లో, వానల తర్వాత ఒక్కటే నిటారుగా నిలబడి ఉండే తెల్లని, పొలుసుల పుట్టగొడుగు కనిపిస్తుంది. పేరు పొడాక్సిస్. దాని టోపీ గొడుగులా విచ్చుకోదు, ముడుచుకునే ఉంటుంది. చీలిస్తే లోపల ముదురు గోధుమ రంగు పొడి. మన థార్ ఎడారిలోనూ ఇది వస్తుంది. కొండ దాకా వెళ్ళే తీరిక లేని వారం అపార్ట్‌మెంట్ వెనకున్న ఖాళీ జాగాలో దీన్ని వెతకండి. మీ పిల్లలకు ఇంతకంటే మంచి హోంవర్కు ఉండదు.

3. ముందు తల పైకెత్తండి

పుట్టగొడుగుల కోసం వెళ్ళి చెట్లు చూడమంటాడేమిటి అనుకుంటున్నారా? మనం వెతికే పెద్ద పుట్టగొడుగుల్లో చాలా వాటికి చెట్టు వేళ్ళతో పొత్తు ఉంటుంది. చెట్టు తెలిస్తే కింద ఏముండొచ్చో సగం తెలిసినట్టే.

పాండరోసాతో మొదలుపెట్టండి. ముదిరిన చెట్టు బెరడు నారింజ రంగు పలకలుగా విడిపోయి ఉంటుంది. ఎండ తగిలే వైపుకి వెళ్ళి, రెండు పలకల మధ్య పగులులో ముక్కు పెట్టి పీల్చండి. వెనీలా వాసన! ఎవరూ చూడట్లేదులెండి, మొహమాటపడకండి. సూదులు సాధారణంగా మూడేసి ఒక కట్టగా ఉంటాయి. కాటలీనా కొండల పైభాగంలో ఐదేసి ఉన్న కట్టలు కూడా కనిపిస్తాయి, అది దాని దగ్గరి చుట్టం అరిజోనా పైన్. ఈ చెట్ల కిందే ఆగస్టులో తెల్ల బొలీటు వస్తుంది. దాని శాస్త్రీయ నామం బొలీటస్ బారోసియై. న్యూ మెక్సికోకు చెందిన చక్ బారోస్ అనే పుట్టగొడుగుల ప్రేమికుడి పేరు మీద 1976లో పెట్టారు.

ఇక నేల. ఉత్తరం వైపు వాలు, వాగు ఒడ్డు, కుళ్ళుతున్న దుంగ, సూదులు మందంగా పరుచుకున్న చోటు, ఈ నాలుగూ చూడండి. దక్షిణం వైపు వాలు మీద రాయి వేడెక్కి ఉంటే అక్కడ మీ గంట వృథా చేసుకోకండి.

4. పొద్దున్నే ఎక్కండి, మధ్యాహ్నానికి దిగండి

ఈ ఒక్క సూచన పాటించలేనివాళ్ళు మిగతావేవీ పాటించనక్కర్లేదు, అసలు వెళ్ళనక్కర్లేదు.

ఉదయం ఎనిమిదింటికల్లా బాట మీద ఉండండి. పదకొండింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగండి. ఎందుకంత కచ్చితం? మాన్‌సూన్ రోజుల్లో మధ్యాహ్నం అవుతుండగా కొండ నెత్తిన మబ్బులు గోడల్లే లేస్తాయి. ఉరుము వినిపించిందంటే పిడుగు మీకు అందేంత దూరంలో ఉన్నట్టే. శిఖరం మీద, గట్టు మీద, ఒంటరి చెట్టు కింద నిలబడకండి. కారులోకి చేరితే చివరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు ఆగాకే బయటికి రండి. 2020 జూన్‌లో ఈ కొండల్లో ఒక్క పిడుగు అంటించిన బిగ్‌హార్న్ అగ్నిప్రమాదంలో దాదాపు 1,20,000 ఎకరాలు కాలాయి. ఆ కాలిన చెట్లు కొన్నిచోట్ల ఇప్పటికీ మోడుల్లా నిలబడే ఉన్నాయి. గాలి వీస్తే చెప్పకుండా పడతాయి. వాటి కింద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పకండి.

వాగుల సంగతి ఇంకోటి. మీ నెత్తిన చుక్క పడకపోయినా పైన కురిసిన నీరు నిమిషాల్లో ముంచుకొస్తుంది. ఊళ్ళో కూడా రోడ్డుకి అడ్డంగా నీళ్ళు పారుతుంటే ‘మనది ఎస్‌యూవీ కదా’ అని దిగకండి. అడ్డంగా పెట్టిన బారికేడ్ దాటి ఇరుక్కుంటే, కాపాడిన ఖర్చు డ్రైవరు దగ్గరే వసూలు చేయొచ్చని అరిజోనాలో 1995 నుంచి చట్టం ఉంది. జనం దానికి పెట్టుకున్న పేరు ‘స్టుపిడ్ మోటరిస్ట్ లా’. ఇంతకంటే ముక్కుసూటి పేరు ఇంకే చట్టానికీ ఉండదేమో.

ఏం పట్టుకెళ్ళాలి అంటారా? ఊళ్ళో ఎండ చూసి పల్చటి టీషర్టుతో వెళ్ళేవాళ్ళు ఎక్కువ. పైన వడగళ్ళ వానలో తడిస్తే పళ్ళు టకటకలాడతాయి. వాన కోటు, పొడి చొక్కా ఒకటి, మీరు చాలనుకున్న దానికంటే ఎక్కువ నీళ్ళు, ఈల, టార్చి. పులిహోర చుట్టి తీసుకెళ్ళండి. రాళ్ళ సందుల్లో, దుంగల అవతల చూడకుండా చేయి పెట్టకండి, ర్యాటిల్‌స్నేక్‌లు ఉంటాయి. ఫీనిక్స్ నుంచి పొద్దున్నే బయల్దేరి ఎనిమిది వేల అడుగులు ఎక్కితే కొందరికి ఆయాసం, తలనొప్పి వస్తాయి. అది బలహీనత కాదు, గాలి పల్చబడడం. అరగంట కూర్చుని మెల్లగా నడవండి, తగ్గకపోతే దిగిపోండి.

5. పామును కాదు, దారి తప్పడాన్ని చూసి భయపడండి

మామూలు హైకింగ్‌లో కళ్ళు బాట మీద ఉంటాయి. ఈ నడకలో కళ్ళు ఎప్పుడూ బాట పక్కనే. ఇక్కడొకటి, అక్కడొకటి, ఆ దుంగ వెనక ఇంకొకటి... తలెత్తి చూసేసరికి అన్ని వైపులా ఒకే రకం పైన్ చెట్లు! ఫోనుకు సిగ్నల్ ఉండదు.

ఇద్దరు స్నేహితులు వెళ్ళారనుకుందాం. ఒకాయన బాట దిగి లోపలికి వెళ్తుంటే రెండో ఆయన బాట మీదే నిలబడాలి. ‘ఏరా, కనిపిస్తున్నానా?’ అని పిలిస్తే ‘కనిపిస్తున్నావురా’ అని జవాబు రావాలి. జవాబు రాని దూరం వెళ్ళకూడదు. పాత పద్ధతే, కానీ యాప్ కంటే నమ్మకమైనది. యాప్ కూడా వాడండి, బయల్దేరే ముందే మ్యాపు డౌన్‌లోడ్ చేసుకుని, కారు ఆపిన చోట గుర్తు పెట్టుకోండి. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి. ఒంటరిగా మాత్రం వద్దు.

6. మొదటిది కనిపించిన చోట కూర్చోండి

గంట నడిచినా ఒక్కటీ కనిపించలేదు. తర్వాత ఒకటి కనిపించింది. ఏం చేస్తారు? ఫొటో తీసి ముందుకు నడుస్తారు, అవునా? అందరూ చేసేదదే. అలా చేయకండి. దాని పక్కనే నేల మీద కూర్చోండి. ఐదు నిమిషాలు ఏమీ చేయకుండా చుట్టూ చూడండి. ముందు ఎండుటాకు అనుకున్నది టోపీ అంచుగా తేలుతుంది. సూదుల కింద చిన్న ఉబ్బు కనిపిస్తుంది. దాన్ని వేలితో తప్పిస్తే లోపల ఇంకొకటి. మీరు నడుస్తూ దాటేసినవే అవన్నీ.

ఈ ఐదు నిమిషాల అలవాటు కోసమే నేను మొదటి సీజను బుట్ట వద్దన్నది. బుట్ట చేతిలో ఉంటే కూర్చోబుద్ధి కాదు.

7. పైనుంచి కాదు, కిందనుంచి చూడండి

మనవాళ్ళు పంపే పుట్టగొడుగుల ఫొటోలన్నీ పైనుంచి తీసినవే. అందంగానే ఉంటాయి, కానీ గుర్తుపట్టడానికి దాదాపు పనికిరావు. విషపుదాన్ని ముట్టుకుంటే ఏమవుతుందోనని భయపడకండి, ముట్టుకున్నంత మాత్రాన విషం ఎక్కదు, నోట్లోకి పోకూడదంతే. చిన్న పిల్లలు పక్కనుంటే మాత్రం కన్నేసి ఉంచండి.

కాడ పట్టుకుని లాగకండి. చిన్న చాకుతో చుట్టూ మట్టి తప్పించి, మొదలు చెదరకుండా పైకి లేపండి. మొదట్లో, మట్టి లోపల, కాడను చుట్టుకుని తెల్లటి సంచి ఉందా? ఉంటే అది అమానిటా జాతిది కావచ్చు. పుట్టగొడుగు మరణాల్లో ఎక్కువ పాపం ఈ జాతిదే. పైనుంచి విరిచి తెచ్చుకున్నవాళ్ళకు ఈ సంచి కనిపించే అవకాశమే లేదు. నిలువునా తెల్లగా, చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉండే ‘డిస్ట్రాయింగ్ ఏంజెల్’ ఈ కొండల్లోనూ ఉంది.

తర్వాత టోపీ తిప్పి చూడండి. సన్నటి రేకులున్నాయా, స్పాంజిలా చిన్న చిన్న రంధ్రాలున్నాయా? మన తెల్ల బొలీటుకు రేకులుండవు, లేతగా ఉన్నప్పుడు తెల్లటి రంధ్రాలు, ముదిరితే పసుపు పచ్చ. కాడ మీద పైభాగాన సన్నటి వల అల్లినట్టు గీతలుంటాయి. కోస్తే లోపల తెల్లగా, గట్టిగా ఉంటుంది, నీలం రంగుకు మారదు. రంధ్రాలు ఎర్రగా ఉండి, కోయగానే నీలంగా మారే బొలీట్లూ ఉన్నాయి, వాటి జోలికి పోకండి.

గుండ్రటి బంతిలాంటిది దొరికిందా? నిలువుగా రెండు ముక్కలు చేయండి. లోపలంతా పన్నీరు ముక్కలా ఒకే తెలుపు ఉంటే అది లేత పఫ్‌బాల్ కావచ్చు. కోసిన ముఖం మీద టోపీ, కాడ గీసినట్టు నీడ కనిపిస్తే మీ చేతిలో ఉన్నది ఇంకా విచ్చుకోని అమానిటా. దాన్ని అక్కడే వదిలేసి చేతులు కడుక్కోండి.

ఇంటికొచ్చాక ఒక సరదా పని. సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం అంటించి, దాని మీద రేకులు కిందికి ఉండేలా టోపీ పెట్టి, గ్లాసు బోర్లించండి. తెల్లారి గ్లాసు తీస్తే రేకుల అచ్చు కాగితం మీద పొడిగా పడి ఉంటుంది. రెండు రంగుల కాగితం ఎందుకంటారా? తెల్ల పొడి తెల్ల కాగితం మీద కనిపించదు, నల్లది నల్లదాని మీద కనిపించదు. ఒకేలా కనిపించే రెండింటిని కూడా ఈ పొడి రంగు విడదీస్తుంది. అదెంత పనికొస్తుందో వెంటనే చూద్దాం.

8. మనూరి లెక్క ఇక్కడ వేయకండి

మీ అత్తగారు గుంటూరు నుంచి వచ్చారనుకుందాం. ఆగస్టులో పొద్దున్నే అపార్ట్‌మెంట్ లాన్ చుట్టూ వాకింగ్ చేస్తున్నారు. రాత్రి వాన పడింది. గడ్డిలో పళ్ళెమంత తెల్లటి పుట్టగొడుగులు, మీద లేత గోధుమ రంగు పొలుసులు, కాడ చుట్టూ ఉంగరం.

‘అమ్మాయ్, ఇవి మన పొలాల్లో వచ్చేవే కదమ్మా! ఎవరూ కోసుకోవట్లేదేం?’

‘ఏమో అత్తయ్యా, వీళ్ళకి తెలియదేమో.’

వాళ్ళకి తెలుసు. అవి మరిగించి, నీళ్ళు పారబోసి, అల్లం వెల్లుల్లి వేసి వండినా, తిన్న ఒకటి రెండు గంటల్లో వాంతులు, విరేచనాలతో ఎమర్జెన్సీకి పరుగెత్తించే రకం. పేరు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. ఉత్తర అమెరికాలో మనుషులు పొరపాటున ఎక్కువగా తినే విషపు పుట్టగొడుగు ఇదే. ఆవిడ రాత్రి గ్లాసు బోర్లించి ఉంటే పొద్దున్నే కాగితం మీద ఆకుపచ్చ పొడి కనిపించేది. అంత పచ్చటి పొడి రాల్చే పెద్ద పుట్టగొడుగు మరొకటి చూపించడం కష్టం.

అత్తగారిని తప్పుపట్టకండి. ఆవిడకు తెలిసింది నిజమే, కానీ ఆ నేలకే నిజం. పాడేరు, ఆదిలాబాద్ వైపు తొలకరికి అడవి పుట్టగొడుగులు ఏరే ఆడవాళ్ళు తరాలుగా చూసి, తిని, నేర్చుకున్న లెక్కది. మన చెదపుట్టల మీద వచ్చే రకాలు ఆసియా, ఆఫ్రికాల్లోనే ఉంటాయి, అమెరికా నేలలో లేవు. ఇక్కడ వాటిలా కనిపించేది ఏదైనా వేరే రకమే. కాలిఫోర్నియాలో ఆగ్నేయాసియా నుంచి వచ్చిన కుటుంబాలవాళ్ళు తమ ఊళ్ళ వరిగడ్డి పుట్టగొడుగే అనుకుని డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగు తిని ప్రాణాల మీదకు తెచ్చుకున్నారు.

ఈ మాటలు మీరు విని ఉంటారు: పురుగు తిన్నదైతే మనిషీ తినొచ్చు. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదే. పసుపు వేస్తే విషం విరుగుతుంది. బాగా ఉడికిస్తే చాలు. ఇందులో ఒక్కటీ నిజం కాదు. డిస్ట్రాయింగ్ ఏంజెల్‌లోని అమాటాక్సిన్ ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా పోదు. పురుగులు దాన్ని హాయిగా తింటాయి.

9. తినే మాట ఎప్పుడు?

మొదటి సీజనులో వద్దు. ఆ తర్వాత కూడా మీ చేతిలోని దాన్ని అనుభవజ్ఞుడు తన చేతిలోకి తీసుకుని చూసి పేరు చెప్పాకే. ఫొటో చూసి చెప్పింది చాలదు, ఫోను యాప్ చెప్పింది అసలే చాలదు. అప్పుడు కూడా బాగా ఉడికించి, ఒక్క రకమే, రెండు ముద్దలే, పిల్లలకీ పెద్దవాళ్ళకీ పెట్టకుండా. వండనిది ఒకటి కాగితం సంచిలో ఫ్రిజ్‌లో దాచి ఉంచండి, ఏదైనా తేడా వస్తే డాక్టర్లకు చూపించడానికి.

అమాటాక్సిన్ గురించి ఒక్క సంగతి గుర్తుంచుకోండి. తిన్న వెంటనే ఏమీ కాదు. ఆరు గంటల నుంచి ఒక రోజు లోపు కడుపు నొప్పి, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తర్వాత తగ్గినట్టే ఉంటుంది, మనిషి లేచి కాఫీ తాగుతాడు. ‘గండం గడిచింది’ అని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకునే ఆ వేళే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. కాబట్టి తగ్గిందని ఆగకండి. అమెరికాలో ఎక్కడున్నా పాయిజన్ కంట్రోల్ ఫోను నంబరు 1-800-222-1222, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ఇప్పుడే ఫోనులో వేసుకోండి. చదవడం తర్వాత.

10. అడిగి తీసుకోండి, తోడు వెతుక్కోండి

కాటలీనా కొండలు చాలావరకు కొరొనాడో నేషనల్ ఫారెస్టులోవి. అక్కడ ఏం తీసుకోవచ్చు, ఎంత తీసుకోవచ్చు అనే నియమాలు మారుతుంటాయి కాబట్టి వెళ్ళే ముందు రేంజర్ కార్యాలయంలో అడగండి. అదే సవారో నేషనల్ పార్కు అయితే నియమాలు వేరు, ఇంకా కఠినం. ‘పక్కనే కదా’ అని రెండింటినీ కలిపేయకండి.

ఒంటరిగా పుస్తకం పట్టుకుని కుస్తీ పడేకంటే ఒక్కసారి గుంపుతో నడిస్తే ఎక్కువ వస్తుంది. అరిజోనా మష్రూమ్ సొసైటీ ఉంది, కలిసి వెళ్ళి ఏరి, ఒక బల్ల మీద పరిచి ఒక్కొక్కటే పేరు చెప్పుకుంటారు. ఆ బల్ల పక్కన నిలబడండి, ‘ఇదేమిటండీ’ అని అడగండి. మీ యాసకు ఎవరూ నవ్వరు, అక్కడ అందరి ధ్యాసా పుట్టగొడుగుల మీదే. పుస్తకమే కావాలంటే జాక్ స్టేట్స్ రాసిన ‘మష్రూమ్స్ అండ్ ట్రఫుల్స్ ఆఫ్ ద సౌత్‌వెస్ట్’ పాతదే, 1990 నాటిది, అయినా ఈ ప్రాంతానికే రాసింది. కొన్ని పేర్లు ఆ తర్వాత మారాయి. సాధారణ అమెరికా పుస్తకాల్లో తూర్పు అడవుల రకాలే ఎక్కువగా ఉంటాయి, అవి చూసి ఇక్కడ గుర్తుపట్టబోతే తికమకపడతారు.

నోట్‌బుక్కు మాట మళ్ళీ చెప్పాలి. వాన లెక్క రాసిన ఆ పుస్తకంలోనే వెళ్ళిన తేదీ, ఎత్తు, చెట్టు, వాలు ఏ దిక్కు, ఏం కనిపించిందో రాయండి. ఏమీ కనిపించకపోతే ఆ మాటే రాయండి. పేరు తెలియకపోతే ‘నారింజ రంగు, గట్టి తోలు, పెళుసు’ అని రాసినా సరే. అలాంటి వర్ణన రాసుకున్న ఒకాయనకి బల్ల దగ్గర తెలిసిందేమిటంటే, అది లాబ్‌స్టర్ పుట్టగొడుగని, ఒక శిలీంధ్రం మీద ఇంకో శిలీంధ్రం పూత పూసి దాని రూపమే మార్చేస్తుందని. వచ్చే ఏడాది జులైలో కాగితం తిప్పి, ఏ వానకు ఎన్ని రోజుల తర్వాత ఏ చెట్టు కింద ఏమొచ్చిందో చూసుకుని, సెలవు ఏ శనివారానికి పెట్టాలో తేల్చుకోండి.